‘ఇన్‌ఫారమ్’ అను క్రియకు కర్మ మేది?

“ఐ ఇన్‌ఫార్మ్‌డ్ టు ది హెడ్మాస్టర్” — తెలుగు విద్యార్థుల ఆంగ్ల పత్రములలో తఱచుగా కానవచ్చు వాక్యమిది. ఉపాధ్యాయుడు ‘టు’ అను మాటను ఎఱ్ఱసిరాతో కొట్టివేయును. మఱుసటి పత్రమున అది మరల తలయెత్తును. కారణమును చెప్పక దోషమును మాత్రమే దిద్దినచో కలుగు ఫలమింతే.

ఈ ‘టు’ విద్యార్థి అజ్ఞానమున పుట్టినది కాదు. అతని మాతృభాషనుండి వచ్చినది. తెలుగున ‘తెలుపు’, ‘చెప్పు’, ‘విన్నవించు’ అను క్రియలకు విషయము కర్మము. వినువానికి ‘కి’, ‘కు’ ప్రత్యయములు చేరును. ‘ప్రధానోపాధ్యాయునికి సంగతి తెలిపెను’ అందుము. ఆ ‘కి’యే ఆంగ్లమున ‘టు’గా వేషము మార్చుకొని వచ్చుచున్నది.

ఆంగ్లక్రియ త్రోవ వేఱు. దాని మూలము లాటిను భాషలోని ‘ఇన్‌ఫోర్మారె’. రూపమిచ్చుట, తీర్చిదిద్దుట అని దాని యర్థము. మనసునకు రూపమిచ్చుట బోధించుటయైనది. బోధించుట క్రమముగా తెలియజేయుటయైనది. కావున ఈ క్రియాఫలమును పొందువాడు మనిషి, అతడే కర్మము. ‘బిడ్డకు తీర్చిదిద్దెను’ అని తెలుగువారెవరును అనరు. ‘బిడ్డను’ అనియే యందురు. ‘హెచ్చరించు’ అను క్రియయు నిట్టిదే: ‘అతనిని హెచ్చరించెను’. ‘ఇన్‌ఫారమ్’ వ్రాయునపుడు ‘తెలుపు’ను మఱచి ‘హెచ్చరించు’ను తలచుకొన్నచో ‘టు’ దానంతటదియే తొలగిపోవును.

ఇక తెలుపబడు విషయమునకు ‘ఆఫ్’ గాని ‘అబౌట్’ గాని తోడు కావలెను: “హి ఇన్‌ఫార్మ్‌డ్ మి ఆఫ్ ది డేట్”. విషయము పూర్తివాక్యమైనచో ‘దట్’ చాలును: “హి ఇన్‌ఫార్మ్‌డ్ మి దట్ ది స్కూల్ వాజ్ క్లోజ్డ్”.

‘ఆన్’ చేరినచో మాత్రము అర్థమే మాఱును. ‘ఇన్‌ఫారమ్ ఆన్’ అనగా ఒకని గుట్టును అధికారులకు చేరవేయుట. పత్రికలలో కనబడు ‘ఇన్‌ఫార్మర్’ ఈ పని చేయువాడే. తోటివాని మేలుకోరి అతని జబ్బు సంగతి తెలిపిన బాలుడు, ఈ చిన్నమాట పొరపాటున కొండెగాడుగా నిలుచును.

అట్లని ప్రతి క్రియ వెనుకను ‘టు’ కొట్టివేయరాదు. ‘ఎక్స్‌ప్లెయిన్’, ‘అనౌన్స్’ అను క్రియలలో వినువానికి ముందు ‘టు’ ఉండవలసినదే. “ఎక్స్‌ప్లెయిన్ మి” అనుటయు దోషమే.

కావున తరగతిలో ఎఱ్ఱగీతకు ముందు ఒక ప్రశ్న వేయుట మేలు: ‘ఈ క్రియకు కర్మ మేది — మనిషియా, సంగతియా?’ తెలుగు వ్యాకరణమున కర్మమును గుర్తింప నేర్చిన విద్యార్థి దీనికి తానే సమాధానము చెప్పగలడు.