ఖాళీ తీరానికి బయలుదేరే ముందు

గత నెల ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చేసరికి హ్యూస్టన్ నుంచి ఫోను వచ్చింది. చేసింది నా పాత విద్యార్థి. బందరులో మా వీధి పిల్లవాడే. నా దగ్గర ఖుర్ఆన్, ఉర్దూ నేర్చుకొని, తరువాత ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లాడు.

"ఉస్తాద్, అక్టోబరు చివర్లో నలుగురం స్నేహితులం సముద్రపు ఒడ్డుకు వెళ్తున్నాం. రెండు రాత్రులు డేరా వేసుకొని ఉంటాం. కయాక్ మీద వెళ్లి చేపలు పడతాం. మంచినీళ్లు ఎక్కువ మోసుకుపోలేం. మరి వుజూ సంగతి ఏమిటి?" అని అడిగాడు.

నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే ఇది పద్నాలుగు వందల ఏళ్లనాటి ప్రశ్న. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి సరిగ్గా ఇదే అడిగాడని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. తాము సముద్రంపై ప్రయాణిస్తామనీ, వెంట కొద్దిపాటి నీళ్లే ఉంటాయనీ, వాటితో వుజూ చేస్తే దాహానికి మిగలవనీ ఆ వ్యక్తి విన్నవించుకున్నాడు. సముద్రపు నీరు పరిశుద్ధమైనదేననీ, దానితో వుజూ చేయవచ్చుననీ, అందులో చనిపోయినది కూడా ధర్మసమ్మతమేననీ ప్రవక్త (స) జవాబిచ్చారు. అడిగినది నీళ్ల గురించి మాత్రమే, అయినా ప్రయాణికుడికి ఆకలి కూడా వేస్తుంది గనుక ఆహారం సంగతీ చెప్పారని మా గురువులు వివరించేవారు.

మసలా చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. ఆ తరువాత అరగంట నేనే అతనిని ప్రశ్నలడిగాను. ఎక్కడ? ఎంత దూరం? గాలి ఎటు వీస్తుంది? ఎవరికి చెప్పి వెళ్తున్నారు? సగం వాటికి జవాబు లేదు. పటాలు, నిబంధనల కాగితాలు పంపించమన్నాను. వారం రోజులు వాటిని ముందేసుకొని కూర్చున్నాను. మన పిల్లలు ఎంతోమంది ఇప్పుడు ఆ దేశంలో ఉన్నారు. సెలవులు దొరికితే ఇలాంటి ప్రయాణాలు కడుతున్నారు. కాబట్టి నేను తెలుసుకున్నది ఇంట్లోని పెద్దలకు కూడా పనికివస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

వారు ఎంచుకున్న చోటు టెక్సాస్ రాష్ట్రంలో కార్పస్ క్రిస్టీ నగరానికి దిగువన ఉన్న పాడ్రే ద్వీపం. ఒకప్పుడు ఆ భూమి నికొలాస్ బలీ అనే క్రైస్తవ మతగురువుది. స్పానిష్ వారి 'పాడ్రే' మన ఉర్దూలోని పాద్రీకి చుట్టమే. 1962లో చట్టం చేసి ఈ ద్వీపంలో అధిక భాగాన్ని జాతీయ తీరంగా కాపాడుతున్నారు. ఒక పక్క మెక్సికో సింధుశాఖ, మరో పక్క లగూనా మాద్రే అనే లోతులేని ఉప్పు కయ్య. నడుమ సన్నటి ఇసుక పట్టీ. ఆ ఇసుక మీదే దక్షిణంగా 60 మైళ్లు, అంటే దాదాపు 96 కిలోమీటర్లు బండి నడపవచ్చు. బందరు నుంచి విజయవాడ దాటి పోయేంత దూరం. దారిలో ఇల్లు లేదు, దుకాణం లేదు, కొళాయి లేదు. ఫోను కూడా చాలా మేరకు పలకదు.

మొదటి 5 మైళ్లు మామూలు కారు వెళ్తుంది. ఆ పైన ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉండాలి. ఇంకా కిందికి పోతే బిగ్ షెల్ అనే భాగం వస్తుంది. అక్కడ నేలంతా గుల్లల పొడి. చక్రం దిగబడితే పైకి రావడం కష్టం. దానికి తోడు పోటు వేళ నీళ్లు ఇసుక దిబ్బల మొదళ్ల దాకా వచ్చి దారిని మింగేస్తాయి. ఇరుక్కున్న బండిని అంత దూరం నుంచి లాగించుకోవాలంటే బోలెడు ఖర్చు. మనవాళ్లు ముప్పయ్యో మైలు దగ్గర డేరా వేయాలనుకున్నారు. ఎందుకని అడిగితే, "అక్కడ ఎవరూ ఉండరు ఉస్తాద్" అన్నాడు. "ఎవరూ ఉండరనే కదా నాకు భయం" అన్నాను.

ఇక కయాక్. ఇది ఒకరో ఇద్దరో కూర్చునే సన్నటి తేలిక పడవ. ధ్రువ ప్రాంతపు వేటగాళ్లు తోలుతో చేసుకొనేవారు. ఇప్పుడు ప్లాస్టిక్‌తో వస్తున్నది. రెండు చివరలా రెక్కలున్న తెడ్డుతో నడుపుతారు. పాడ్రే ఒడ్డున కొందరు దాని మీద ఎరను కొన్ని వందల గజాలు లోపలికి తీసుకుపోయి వదిలి, తిరిగి వచ్చి ఒడ్డునుంచి గాలం పట్టుకుంటారు. మరికొందరు దాని మీదే కూర్చొని పడతారు. పైన కూర్చునే రకం తిరగబడినా నీళ్లు రంధ్రాలలోంచి కారిపోతాయి, మళ్లీ ఎక్కవచ్చు. లోపల కాళ్లు పెట్టుకొని కూర్చునే రకం అలల్లో బోర్లాపడితే నీటితో నిండిపోతుంది. ఏ రకమైనా, తిరగబడిన దాన్ని సరిచేసి ఎక్కడం ముందే ఏ చెరువులోనో పదిసార్లు సాధన చేయాలి. తలా ఒక లైఫ్ జాకెట్ పడవలో ఉండాలని అక్కడి చట్టం. ఉండడం కాదు, తొడుక్కోవాలని నా షరతు.

అన్నిటికంటే ముఖ్యమైనది గాలి. ఈ మాట నాకు పుస్తకాలు నేర్పలేదు. చిన్నప్పుడు మంగినపూడి ఒడ్డున తెప్పల వాళ్ల దగ్గర విన్నాను. మన తీరం, పాడ్రే తీరం రెండూ తూర్పు ముఖంగా ఉన్నాయి. రెండుచోట్లా సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. తూర్పు గాలి వీస్తే అలలు లేస్తాయి, పడవ దింపడమే కష్టం. చూడటానికి భయంగా ఉంటుంది, కానీ ఆ గాలి మనిషిని ఒడ్డుకే తోస్తుంది. పడమటి గాలి అలా కాదు. నేల మీదినుంచి వీచి ఒడ్డు దగ్గర అలలను అణచివేస్తుంది. సముద్రం పళ్లెంలో నీళ్లలా కనిపిస్తుంది. కొత్తవాడు ఇదే మంచి సమయమని దిగుతాడు. తిరిగి రావాలనుకున్నప్పుడు తెలుస్తుంది, ఆ తేలిక పడవ ఎండుటాకులా లోపలికి కొట్టుకుపోతున్నదని.

పాడ్రే దగ్గర ఎక్కువ రోజులు ఆగ్నేయపు గాలి. అయితే అక్టోబరు వచ్చేసరికి ఉత్తరపు చలిగాలులు మొదలవుతాయి. గంటలోపే గాలి దిక్కు మారి, చలి కమ్మి, నీళ్లు గరుకెక్కుతాయి. తుపానుల కాలం కూడా నవంబరు 30 దాకా ఉంటుంది. కాబట్టి బయలుదేరే రోజు ఉదయమే కాక, తిరిగి వచ్చే రోజుకు కూడా వాతావరణ సూచన చూడాలి. గాలి భూమి వైపు నుంచి ఉంటే కయాక్ ఇసుక మీదే ఉండాలి. ఆ రోజు ఒడ్డున నిలబడి గాలం వేసుకోవచ్చు, లేదా ద్వీపానికి అటువైపు కయ్యలో లోతులేని చోట తిప్పుకోవచ్చు.

చేపల విషయం. 17 ఏళ్లు దాటినవారికి లైసెన్సు, దానిపై ఉప్పునీటి వేటకు ప్రత్యేక అనుమతి కావాలి. రెడ్ డ్రమ్ అనే ఎర్రచేప 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి, మనిషికి రోజుకు మూడే. ఈ లెక్కలు మారుతుంటాయి గనుక వెళ్లేముందు చూసుకోవాలి. మనవాళ్లకు సొరచేప పట్టి ఫొటో తీసుకొని వదిలేయాలని సరదా. చిన్నది పడితే చట్టప్రకారం వదలడం వేరు. ఫొటో కోసమే ఒక జీవి నోటికి గాలం గుచ్చి గంటసేపు లాగడం వేరు. ప్రాణులను ఆటవస్తువులు చేసుకోవద్దన్న ధర్మం మనది. బతికున్న జీవిని గాలానికి గుచ్చడం కూడా మన ఉలమాలలో చాలామందికి నచ్చదు, చచ్చిన చేప ముక్కలు చాలు. ఈ మాటకు నలుగురిలో ఇద్దరు ఒప్పుకున్నారు. మిగతా ఇద్దరూ ఇంకా వాదిస్తున్నారు.

నమాజు విషయంలో చిక్కేమీ లేదు. హ్యూస్టన్ నుంచి అంత దూరం వెళ్లినవారు ముసాఫిర్లే, ఖసర్ చేసుకోవాలి. ఒక్కటి మాత్రం చెప్పాను. మన ఒడ్డున ఖిబ్లాకు తిరిగితే సముద్రం వీపు వెనుక ఉంటుంది. అక్కడ ఖిబ్లా ఈశాన్యం, అంటే అలలకు ఇంచుమించు ఎదురుగా నిలబడాలి.

ముగ్గురు ప్రయాణం చేసినా ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలన్నది ప్రవక్త (స) నేర్పిన పద్ధతి. దీని విలువ ఇలాంటి చోట తెలుస్తుంది. నలుగురూ సమానమైతే, వెనక్కి పోదామనే మాట నోటితో అనడానికి ప్రతివాడూ సిగ్గుపడతాడు. అమీరు అంటే ఆ మాట అనగలిగినవాడు. వారిలో ఈత బాగా వచ్చినవాడు కాక, నిదానస్తుణ్ణి ఎన్నుకోమన్నాను.

చివరగా అడిగాను: "అమ్మీకి చెప్పావా బేటా?" మౌనం. "ఆమెకు చెబితే వెళ్లనివ్వదు ఉస్తాద్."

ఆ సంగతి నాకూ తెలుసు. ఆమె దివిసీమ ఆడబిడ్డ. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో తండ్రిని పోగొట్టుకుంది. అప్పటికి ఆమెకు పదేళ్లు. బందరులో కాపురముండి కూడా ఈనాటిదాకా సముద్రం వైపు వెళ్లలేదు. అయినా దాచిపెట్టి వెళ్లడం సరికాదన్నాను. ఇటువంటి ప్రయాణంలో ఇంటి దగ్గర ఒకరి చేతిలో కాగితం ఉండాలి: ఏ బండి, దాని నెంబరు, ఎన్నో మైలు దగ్గర డేరా, కయాక్‌ల రంగు, ఏ రోజు ఏ గంటకు ఫోను వస్తుంది, రాకపోతే ఎవరికి ఫోను చేయాలి. అతని హ్యూస్టన్ మిత్రుడు ఒకరికి ఆ కాగితం ఇమ్మన్నాను. రెండో ప్రతి అమ్మీకి.

ఆమెకు నేనే చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. ముప్పయ్యో మైలు అన్నచోట ఆపి, మళ్లీ చదవమంది. ఆ రాత్రి కొడుకుతో ఫోనులో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. మర్నాడు అతను పంపిన కొత్త కాగితంలో ముప్పయి కొట్టేసి పది అని ఉంది. ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం అద్దెకు తీసుకుంటామని కూడా రాశాడు.

నీళ్ల లెక్క కూడా మారింది. మనిషికి రోజుకు ఒక గ్యాలను, అంటే సుమారు నాలుగు లీటర్ల చొప్పున నలుగురికి మూడు రోజులకు 12 గ్యాలన్లని నేను చెప్పాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి, "బండి ఇరుక్కుంటే నాలుగో రోజు ఏం తాగుతారు మౌల్వీ సాబ్?" అని అడిగింది. కాగితంలో ఇప్పుడు 16 అని ఉంది.