గొంతుక్కూర్చోనిచ్చే కాలు

గురుత్వ కేంద్రం పాఠం వచ్చినప్పుడు పిల్లల చేత ఒక పని చేయిస్తుంటాను. మోకాలి కింది భాగాన్ని నిటారుగా, ఏమాత్రం ముందుకు వంచకుండా ఉంచి గొంతుక్కూర్చోమంటాను. అందరూ వెనక్కి పడతారు. కూర్చునేటప్పుడు మన నడుము వెనక్కి పోతుంది. ఆ బరువు మళ్లీ పాదాల మీదికి రావాలంటే మోకాళ్లు ముందుకు రావాలి, అంటే చీలమండ దగ్గర కాలు వంగాలి. జైపూర్ పాదం అనే కృత్రిమ పాదం కథంతా ఈ వంపు చుట్టూనే తిరుగుతుంది.

1960ల్లో జైపూర్ సవాయ్ మాన్‌సింగ్ ఆసుపత్రిలో ప్రమోద్ కరణ్ సేఠీ ఎముకల డాక్టరు. అప్పటి కృత్రిమ పాదాల్లో పేరున్నది సాక్ పాదం. 1950ల్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. లోపల గట్టి చెక్క, మడమలో మెత్తటి రబ్బరు. అడుగు వేయగానే మడమ నొక్కుకుని పాదం నేలకు ఆనుతుంది. కీలు లేకుండానే కీలున్నట్టు నడిపించే ఆ ఉపాయం నాకు చాలా ఇష్టం. కానీ ఆ చెక్క చీలమండ నుంచి వేళ్ల మొదలు దాకా సాగుతుంది, కాలిని ముందుకు వంగనివ్వదు. బూటు వేసుకుని కుర్చీలో కూర్చునేవాళ్లకు ఇబ్బంది లేదు. బురదలో దిగే రైతుకు, నేలమీద మఠం వేసుకుని అన్నం తినేవాళ్లకు, చెప్పులు విడిచి గుడిలోకి వెళ్లేవాళ్లకు మాత్రం అది పనికిరాలేదు. ఇచ్చిన కాళ్లను జనం పక్కన పడేసి మళ్లీ కర్రలే పట్టుకోవడం సేఠీ గమనించారు.

ఆయనకు తోడైన మనిషి రామచంద్ర శర్మ. పెద్ద చదువులు లేవు, చేతుల్లో అపారమైన పనితనం. సైకిలు పంక్చరై ఆగిన చోట లారీ టైరుకు కొత్త రబ్బరు అతికిస్తుంటే చూశారని, అక్కడే ఆలోచన పుట్టిందని చెబుతారు. అచ్చులో అంతా రబ్బరే నింపి చేసిన మొదటి పాదం బరువెక్కింది, వంగనూ లేదు.

చివరికి కుదిరినది మూడు దిమ్మల పాదం. మడమకొకటి, ముందు భాగానికొకటి. ఈ రెండూ చెప్పుల అట్టలకు వాడే స్పాంజి రబ్బరువే. చీలమండ దగ్గర మాత్రం చెక్క దిమ్మ, అందులో కాలికి బిగించే బోల్టు. వీటన్నిటికీ టైర్లలో వాడే దారపు పొరలు చుట్టి, పైన చర్మం రంగు రబ్బరు పరిచి, అచ్చులో పెట్టి వేడిచేస్తారు. గంధకం కలిపిన రబ్బరులోని పొడవాటి అణువులు ఆ వేడికి ఒకదానితో ఒకటి ముడిపడతాయి. ముక్కలన్నీ ఒకే పాదమవుతాయి.

అసలు తెలివి చెక్కను ఎక్కడ ఆపారన్నదాంట్లో ఉంది. చీలమండ దగ్గరే ఆపేశారు. అక్కడి నుంచి వేళ్లదాకా అంతా మెత్తనే కాబట్టి పాదం పైకి వంగుతుంది, పక్కలకు ఒరుగుతుంది, కాస్త మెలికా తిరుగుతుంది. వంగుతుంది కనుక గొంతుక్కూర్చోవచ్చు. మెలి తిరుగుతుంది కనుక మఠం వేయవచ్చు. ఒరుగుతుంది కనుక పొలం గట్టు మీద, రాళ్ల బాట మీద తడబడకుండా నడవవచ్చు. నీళ్లు లోపలికి పోవు, బూటు అక్కర్లేదు. చేత్తో పేర్చి చేసేది కాబట్టి ఏ రెండు పాదాలూ అచ్చంగా ఒకేలా ఉండవు, బరువు కూడా ఎక్కువే. అయినా ఇంత తక్కువ సామగ్రితో ఇన్ని కదలికలు సాధించిన పనిముట్టు నాకు మరొకటి తెలియదు.

దీనికి పేటెంటు తీసుకోలేదు. 1981లో సేఠీకి మెగసెసే పురస్కారం వచ్చింది. అందులో రామచంద్రకూ సగం వాటా ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

తెలుగువాళ్లు ఈ పాదాన్ని 1985లో వెండితెర మీద చూశారు. బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలితో మళ్లీ భరతనాట్యం చేసిన సుధా చంద్రన్ 'మయూరి'లో తన కథలో తానే నటించింది. అరమండిలో కూర్చుని ఒట్టికాళ్లతో నేలను తట్టే నాట్యమది. చీలమండ వంగని పాదంతో ఎంత కష్టమో ఊహించండి.

తర్వాత పాదం పైనుండే పిక్క భాగం కూడా మారింది. అల్యూమినియం రేకు పోయి, నీళ్ల గొట్టాలకు వాడే ప్లాస్టిక్ పైపును వేడిచేసి, రోగి కాలి అచ్చు మీదికి లాగి తొడగడం వచ్చింది. డి. ఆర్. మెహతా 1975లో జైపూర్‌లో స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ్ సహాయతా సమితి ఈ కాళ్లను ఉచితంగా అమరుస్తోంది. దూరం నుంచి వచ్చినవాళ్లకు అక్కడే భోజనం, బస. ముందుగా పేరు నమోదు చేసుకోనక్కర్లేదు, నేరుగా వెళ్లవచ్చు.