పొగాకు వ్యాధుల పరిశోధన - ప్రజాధనం

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తీరగ్రామాలలో ఒక వింత అలవాటు తరతరాలుగా సాగుతూ వచ్చింది. నేటికీ అది పూర్తిగా పోలేదు. చుట్టను వెలిగించి, నిప్పున్న కొనను నోటిలోపల ఉంచుకొని పొగ పీలుస్తారు. దీనినే ‘అడ్డపొగ’ అంటారు. ఇలా త్రాగేవారిలో ఎక్కువమంది స్త్రీలు. సముద్రపుగాలికి చుట్ట ఆరిపోదనీ, చేతులకు పని అడ్డు ఉండదనీ, చంకనున్న బిడ్డమీద నుసి రాలదనీ వారు కారణాలు చెబుతారు. ‘కన్యాశుల్కం’ నాటకంలో గిరీశం చుట్టను చూచి నవ్వుకొన్న మనలో, ఆ సీమలోనే చుట్ట మరొక విధంగా కూడా కాలుతున్నదని ఎరిగినవారు కొద్దిమందే.

వైద్యులు మాత్రం ఎరుగుదురు. నోటి పైభాగాన ఉండే గట్టి అంగిలికి క్యాన్సర్ సోకడం ప్రపంచంలో చాలా అరుదు. విశాఖపట్నంలో వైద్యానికి వచ్చే రోగులలో అది అరుదు కాదు. అయితే ఆసుపత్రికి వచ్చినవారిని మాత్రమే చూచి, వ్యాధికి కారణం ఇదేనని నిర్ధారించడం శాస్త్రసమ్మతం కాదు. రానివారి మాట ఏమిటి? అడ్డపొగ త్రాగుతూ ఆరోగ్యంగా ఉన్నవారు ఎందరు? త్రాగకుండానే జబ్బుపడినవారు ఎందరు? ఇంటింటికీ వెళ్లి, నోరు తెరిపించి చూచినప్పుడే ఈ ప్రశ్నలకు సమాధానం లభిస్తుంది. అందుకు దంతవైద్యులు కావాలి, ప్రయోగశాల కావాలి, గణాంకవేత్తలు కావాలి. అన్నిటికీ మించి కొన్ని సంవత్సరాల ఓర్పు కావాలి. ఈ వ్యయాన్ని భరించేది ఎవరు?

1960వ దశకంలో బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంతపరిశోధన విభాగం ఈ భారాన్ని తలకెత్తుకొన్నది. ఫలీ మెహతా, డెన్మార్కు శాస్త్రజ్ఞుడు పిండ్‌బోర్గ్, వారి సహచరులు శ్రీకాకుళం జిల్లా గ్రామాలలో 10,169 మంది నోళ్లను పరీక్షించారు. వారిలో పదిమందికి నలుగురికి పైగా అడ్డపొగ త్రాగేవారే. అంగిలి క్యాన్సర్ కనిపించినవారందరూ ఈ అలవాటున్నవారే. 1971లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

ఈ బృందం పరిశోధనలకు సొమ్ము వచ్చిన త్రోవ ఆసక్తికరమైనది. ఆ రోజులలో మనదేశం పి.ఎల్. 480 ఒప్పందం క్రింద అమెరికానుండి గోధుమలు కొని, మూల్యాన్ని రూపాయలలో చెల్లించేది. అలా పోగుపడిన రూపాయలలో కొంతభాగాన్ని అమెరికా ప్రభుత్వపు ఆరోగ్య పరిశోధన సంస్థలు ఇక్కడి పరిశోధనలకే కేటాయించాయి. మనం తిన్న గోధుమరొట్టె మూల్యమే మన పల్లెస్త్రీల నోళ్లను పరీక్షించడానికి ఉపయోగపడిందన్నమాట. పొరుగు ప్రభుత్వపు ఔదార్యాన్ని ఇక్కడ మెచ్చుకోవలసిందే. కాని మన ఇంటి జబ్బుకు పరాయి ఖజానా వైపు చూడవలసి రావడం కొంత చిన్నతనమే.

పొగాకు పంటకు మాత్రం ఆ కొరత కలగలేదు. 1947లోనే రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు వెలసింది. రైతుకు మేలైన వంగడం, గిట్టుబాటు ధర అవసరమే. దానిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆకును పెంచడానికి చూపిన శ్రద్ధ, ఆ ఆకు కలిగించే వ్యాధిపై అంత తొందరగా కలగలేదన్నదే నా బాధ.

పోనీ, ఈ పరిశోధనను వ్యాపారులకే వదలిపెట్టరాదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రయోగమూ జరిగింది. 1954 జనవరిలో అమెరికా సిగరెట్టు కంపెనీలు పత్రికలలో పెద్ద ప్రకటన వేయించి, ప్రజారోగ్యమే తమకు ముఖ్యమనీ, తామే పరిశోధనకు ధనమిస్తామనీ వాగ్దానం చేశాయి. ఆ ధనంతో సాగినది చాలావరకు సందేహాలను పెంచే పని. పొగాకు క్యాన్సర్‌కు కారణమని ఇంకా రుజువు కాలేదనే మాటను అవి దశాబ్దాలపాటు నిలబెట్టగలిగాయి. సొమ్మిచ్చినవాడు ఏ ప్రశ్న అడగాలో కూడా నిర్ణయిస్తాడు.

ఇంగ్లండులో జరిగినది ఇందుకు భిన్నం. అక్కడి ప్రభుత్వ నిధులతో నడిచే వైద్య పరిశోధన మండలి అండతో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు 1950లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ధూమపానానికీ గల సంబంధాన్ని నిరూపించారు. మరుసటి సంవత్సరం దాదాపు 40,000 మంది వైద్యుల పొగత్రాగే అలవాట్లను నమోదుచేసికొని, వారి ఆయుర్దాయాలను గమనించసాగారు. ఆ గమనిక ఏభైయేళ్లు సాగింది. పొగ మానకుండా త్రాగినవారు సగటున పదేళ్ల ఆయుష్షు కోల్పోయారని 2004లో తేలింది. ఇట్టి పరిశోధననుండి అమ్ముకోదగిన మందు పుట్టదు, పేటెంటు రాదు. ఏ వ్యాపారి ఏభైయేళ్లు వేచి ఉంటాడు?

మన శ్రీకాకుళం పరిశోధన కూడా మొదటి సర్వేతో ఆగిపోలేదు. ఎర్నాకుళం, భావనగర్ జిల్లాలను కూడా కలుపుకొని, పొగాకు వాడే 36,000 మందికి పైగా గ్రామీణులకు సినిమాల ద్వారా, రేడియో ద్వారా, స్వయంగా మాట్లాడి పొగాకు మానుమని నచ్చజెప్పారు. క్యాన్సర్‌కు ముందు నోటిలో కనిపించే తెల్లమచ్చలు అలవాటు మానినవారిలో తగ్గాయి. 1986లో ‘లాన్సెట్’ వైద్యపత్రిక ఈ ఫలితాలను ప్రకటించింది. శస్త్రచికిత్స లేదు, ఖరీదైన మందు లేదు. మాటతోనే వ్యాధిని కొంత నివారించవచ్చునని తెలుసుకోవడానికే ఇంత పరిశోధన కావలసివచ్చింది.

2016-17 సర్వే ప్రకారం మనదేశంలో వయోజనులలో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. 2017-18లో పొగాకు వ్యాధుల చికిత్సకు అయిన ఖర్చు, పోయిన పనిదినాలు, అకాల మరణాలు కలిపి దేశానికి కలిగిన నష్టం సుమారు 1,77,000 కోట్ల రూపాయలని పరిశోధకులు లెక్కగట్టారు. పొగాకుపై ప్రభుత్వానికి వచ్చిన ఎక్సైజు రాబడి ఆ నష్టంలో ఎనిమిదో వంతుకు కూడా చాలలేదు.