మంచు ఎరగని దేశం మంచు మీద పరుగెత్తింది

మొన్న బడిలో పరుగుపందెంలో మా మనవరాలు బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది గానీ దాని ఏడుపు మోకాలి కోసం కాదు. "అందరూ నవ్విన్రు తాతా, ఇంక నేను పోను" అన్నది. ఆ రాత్రి దానికి జమైకా వాళ్ల సంగతి చెప్పాను. అదే మీకూ చెప్తున్నా.

జమైకా కరీబియన్ సముద్రంలో చిన్న దీవి. చెరకు, అరటి పండే వేడి దేశం. మన షోలాపూర్‌లాగే అక్కడా ఊళ్లల్లో మంచు కురవదు. అట్లాంటి దేశం 1988లో కెనడాలోని కాల్గరీ పట్నంలో జరిగిన శీతాకాలపు ఒలింపిక్స్‌కు మొదటిసారి పోయింది. పోయింది కూడా బాబ్‌స్లెడ్ పోటీకి.

బాబ్‌స్లెడ్ అంటే మంచు మీద జారే బండి. చక్రాలుండవు, అడుగున ఉక్కు పట్టీలుంటాయి. నలుగురు మనుషులు సుమారు 50 మీటర్లు పరుగెత్తుతూ దాన్ని తోసి, ఒకరి వెనక ఒకరు ఎగిరి లోపల కూర్చోవాలి. ముందువాడు తాళ్లు లాగి బండిని తిప్పుతాడు, వెనకవాడు బ్రేకు వేస్తాడు. గడ్డకట్టిన కాలువలాంటి దారిలో గంటకు వంద కిలోమీటర్లు దాటి పోతుంది. మిల్లులో బీముల బండి తోసిన మన వాళ్లకు తెలుసు, అందరి అడుగూ ఒక్కటిగా పడకపోతే ఏమవుతుందో.

జమైకాలో తోపుడు బండ్ల పందేలు జరిగేవి. అవి చూసిన జార్జ్ ఫిచ్, విలియం మలోనీ అనే ఇద్దరు అమెరికావాళ్లకు ఈ ఆలోచన వచ్చింది. పేరున్న పరుగువీరులు ముందుకు రాలేదు. అప్పుడు సైన్యంలోంచి మనుషుల్ని తీసుకున్నారు. డడ్లీ స్టోక్స్ హెలికాప్టర్ నడిపేవాడు. డెవన్ హారిస్, మైకేల్ వైట్ కూడా సైనికులే. ఒకతనికి దెబ్బ తగిలితే డడ్లీ తమ్ముడు క్రిస్‌ను పోటీకి కొద్దిరోజుల ముందే చేర్చుకున్నారు. అన్నను చూద్దామని వచ్చిన పిల్లగాడు అతను!

ఇద్దరి పోటీలో డడ్లీ, వైట్ 41 జట్లలో 30వ స్థానంలో నిలిచారు. నలుగురి పోటీలో నాలుగుసార్లు జారాలి. మూడోసారి మలుపులో బండి గోడెక్కి తిరగబడింది. తలలు మంచుకు ఒరుసుకుంటూ చాలా దూరం ఈడ్చుకుపోయింది. అందరూ భయపడ్డారు. నలుగురూ బయటికొచ్చి, బండి పక్కన నడుచుకుంటూ చివరి గీత దాటారు. జనం చప్పట్లు కొట్టారు.

1993లో వచ్చిన 'కూల్ రన్నింగ్స్' సినిమాలో వాళ్లు బండిని భుజాల మీద మోసుకొస్తారు. అది సినిమా కోసం కల్పించింది. తక్కిన దేశాల వాళ్లు ఏడిపించినట్టు చూపింది కూడా కల్పనే, నిజానికి సాయం చేసినవాళ్లున్నారు.

ఆ పోటీలో వాళ్లకు స్థానమే దక్కలేదు. కానీ వదల్లేదు. 1994లో నార్వేలోని లిల్లెహామర్‌లో నలుగురి పోటీలో 14వ స్థానం తెచ్చుకున్నారు. అమెరికా జట్టు వాళ్ల వెనక ఉంది!

మన దేశంలో మనాలి వైపు మంచుంది గానీ ఈ ఆటలకు జారే దారి లేదు. అక్కడి శివ కేశవన్ 1998లో జపాన్‌లోని నగానోలో, ఒక్కడే పడుకుని జారే ల్యూజ్ పోటీకి పోయాడు. తర్వాత ఏళ్లలో బండికి చక్రాలు బిగించి, వాహనాలు తిరిగే కొండ రోడ్ల మీదే సాధన చేశాడు.

నేను మొదటిరోజు సాంచా ముందు నిలబడ్డప్పుడు పోగులన్నీ తెగిపోయాయి. ఖాతా ఖాతా అంతా నవ్వింది. రెండోరోజు పోకపోయుంటే ఇవాళ ఈ ఇల్లు లేదు.

అంతా విని మనవరాలు అడిగింది, "పడినోళ్లకు చప్పట్లెందుకు కొట్టిన్రు తాతా?"

"లేచి నడిచిన్రు గదా బిడ్డా" అన్నా.

అది ఏమీ అనలేదు. పొద్దున లేచి చూస్తే, మోకాలికి పట్టీతోనే పంపు దగ్గర కూర్చుని బూట్లు కడుక్కుంటున్నది.