మీకు తెలుసా? పిచ్చితో మొదలైన బ్యానర్

ఎన్టీఆర్ తన సొంత సంస్థ నేషనల్ ఆర్ట్ థియేటర్‌పై తీసిన మొట్టమొదటి సినిమా పేరు ‘పిచ్చి పుల్లయ్య’. వచ్చింది 1953లో, దర్శకుడు తాతినేని ప్రకాశరావు. ‘పాతాళభైరవి’ తోటరాముడిగా జనం నెత్తిన పెట్టుకున్న రెండేళ్లకే ఆ హీరో ఏరి కోరి ఈ పేరు పెట్టుకున్నాడు! పుల్లయ్యది జబ్బేమీ కాదు, ఉత్త పల్లెటూరి అమాయకత్వం.

తెలుగులో ‘పిచ్చి’ అంత చులకన మాటేమీ కాదు మరి. పిచ్చి తల్లీ అంటే ముద్దు, క్రికెట్ పిచ్చి అంటే సరదా, పిచ్చి మొక్క అంటే ఎవరూ నాటకుండా మొలిచింది.

కార్టూన్లలో పిల్లలు ఎరిగిన ‘మ్యాడ్ హ్యాటర్’ సంగతి ఇంకా తమాషా. 1865 నాటి ‘ఆలిస్’ పుస్తకంలో లూయిస్ కరోల్ అతణ్ణి ఒక్కచోట కూడా అలా పిలవలేదు. ఉత్త ‘హ్యాటర్’ అంతే, అంటే టోపీలవాడు. ‘మ్యాడ్’ అన్నది అతను మొదట కనిపించే అధ్యాయం పేరులో టీ విందుకు తగిలించిన మాట. ‘మ్యాడ్ హ్యాటర్’ అన్న పేరు జనం పెట్టిందే.

ఇక మన దగ్గర సినిమా కామెడీ ఒక పేటకే ఈ పేరు అంటగట్టింది. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సు కూకట్‌పల్లి దాటి మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ చేరగానే, వెనక సీట్లోంచి ఎవడో ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడుస్తాడు: “అరేయ్, నీ స్టాప్ వచ్చింది, దిగవా?”