నేలలోపలి ట్యాంకులు – తెలుసుకోవలసిన మాటలు

"మా సెప్టిక్ ట్యాంకు నిండిపోయింది. ఇద్దరు మనుషులు వచ్చి దిగి తీసేస్తామన్నారు. మూత తీసి రెండు గంటలు గాలి ఆడనిస్తే చాలుగదా డాక్టరు గారూ?" అని ఒక గృహిణి అడిగారు.

చాలదమ్మా. ఎందుకు చాలదో తెలియాలంటే ముందు కొన్ని మాటలకు అర్థం చెప్పుకోవాలి. మేస్త్రీ నోటా, మున్సిపాలిటీ కాగితాల్లోనూ ఈ మాటలు మనం రోజూ వింటూనే ఉంటాం. అర్థం మాత్రం ఎవరూ అడగరు.

మొదటిది 'సెప్టిక్'. పుండు సెప్టిక్ అయిందంటాం చూడండి, అదే మాట. కుళ్ళటం అని అర్థం. సెప్టిక్ ట్యాంకంటే మలినాన్ని దాచిపెట్టే గొయ్యి కాదు, దాన్ని కుళ్ళబెట్టే గొయ్యి. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు అందులో రాత్రింబగళ్ళు పనిచేస్తూ ఉంటాయి. పైన తేలేది తెట్టు, అడుగున పేరుకునేది మడ్డి, నడుమ ఉండేది మురికినీరు. ఈ నీరు మాత్రమే గొట్టం గుండా బయట ఉన్న ఇంకుడు గుంటలోకి పోవాలి. మడ్డి సగం ట్యాంకును ఆక్రమిస్తే నీరు నిలవడానికి చోటుండదు. కుళ్ళని మలినమే బయటికి పోతుంది. అందుకే రెండు మూడేళ్ళకొకసారి మడ్డి తీయించాలి. పొంగి వీధిలోకి వచ్చేదాకా చాలామంది ఆ సంగతే తలపెట్టరు.

కుళ్ళేచోట వాయువులు పుడతాయి. వాటిలో మీథేన్ మండుతుంది. మరొకటి హైడ్రోజన్ సల్ఫైడ్, ఇది చంపుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు దీనిదే. దీని కొలతకు 'పి.పి.యం.' అనే మాట వాడతారు. పది లక్షల పాళ్ళ గాలిలో ఎన్ని పాళ్ళు ఉన్నదీ అని. ఒక పాలు కూడా నిండకముందే మన ముక్కు దీన్ని పసిగడుతుంది. 100 పాళ్ళకు చేరేసరికి ఆ ముక్కే మొద్దుబారిపోతుంది. "వాసన తగ్గింది, ఇక దిగవచ్చు" అనుకునే క్షణం ఇదే. వాసన పోవడమంటే వాయువు పోవడమని కాదు, వాసన పట్టే నరం పనిచేయడం మానేసిందని. 700 పాళ్ళు దాటితే ఒకటి రెండు ఊపిరులకే మనిషి కూలిపోతాడు. కేక వేసే వ్యవధి కూడా ఉండదు.

ఇది గాలికంటే బరువైన వాయువు. మూత తీసినంత మాత్రాన పైకి లేచి పోదు. పైగా అది చాలావరకు మడ్డిలోనే చిక్కుకుని ఉంటుంది. మనిషి దిగి కాలుతోనో పారతోనో కదిపినప్పుడు ఒక్కసారిగా బయటపడుతుంది. రెండు గంటలు కాదు, రెండు రోజులు తెరిచి ఉంచినా ఈ ప్రమాదం తప్పదు.

దీపం దించి చూసే పాత పద్ధతి ఒకటుంది. దీపానికి ఈ విషవాయువు సంగతి తెలియదు. ప్రాణవాయువు బాగా తగ్గితేనే అది ఆరుతుంది. మీథేన్ ఉంటే ఆరదు సరికదా, పేలుతుంది. ఆ దీపాన్ని దేవుడి గదిలోనే ఉంచండి.

తరవాతి మాట 'పరిమిత స్థలం'. మనిషి దిగగలిగి, సులువుగా బయటికి రాలేని చోటు, గాలి ఆడని చోటు అని భావం. మంచినీళ్ళ సంపు కూడా ఇందులోకే వస్తుందంటే చాలామంది ఆశ్చర్యపోతారు. కొత్త సంపుకు శ్లాబు వేసి, మూసి ఉంచి, కొన్ని వారాల తరవాత సెంట్రింగు చెక్కలు విప్పడానికి పనివాణ్ణి దింపుతారు. మురికి లేదు, కంపు లేదు, అయినా దిగినవాడు తిరిగి రాడు. నిలవనీటిలో నానిన చెక్క కుళ్ళుతూ లోపలి ప్రాణవాయువును తినేస్తుంది. మామూలు గాలిలో అది నూటికి 21 పాళ్ళకు కాస్త తక్కువగా ఉంటుంది. 19.5 కంటే తగ్గితే అక్కడ పనిచేయకూడదని నియమం. ఇక నీళ్ళు తోడటానికి డీజిల్ ఇంజనును సంపులోకే దించి నడిపేవారున్నారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు.

ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేసే వైద్యులకు శవపరీక్షలు తప్పవు. ఇలాంటి ప్రమాదాల్లో ఒక్క శవం రావడం తక్కువ. మొదట దిగినవాడు, అతణ్ణి లాగబోయిన తమ్ముడు, వాళ్ళిద్దరి కోసం దిగిన ఎదురింటివాడు వరసగా వస్తారు. 1986లో అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క చూస్తే, ఇలాంటి చోట్ల చనిపోయినవారిలో నూటికి 60 మందికి పైగా రక్షించబోయినవారే. కాబట్టి ఎవరైనా లోపల పడితే ఎంత అయినవారైనా సరే, మీరు దిగకండి. మూతలన్నీ తెరవండి. తాడు వేయండి. 101కి, 108కి ఫోన్ చేయండి. పెద్ద ఫ్యాను గాని బ్లోయరు గాని ఉంటే దాన్ని ట్యాంకుకు దూరంగా ఉంచి, గొట్టంతో మంచి గాలి లోపలికి పంపండి.

బయటికి తీశాక ఆరుబయట పడుకోబెట్టి, తడిసిన బట్టలు తీసేయండి. ఊపిరి లేకపోతే రొమ్ము మధ్య రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. ఉల్లిపాయ వాసన చూపడం, నోట్లో నీళ్ళు పోయడం వద్దు. తేరుకుని లేచి కూర్చున్నవాణ్ణి కూడా ఆస్పత్రికి తీసుకురండి. కొన్ని గంటల తరవాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు.

చట్టంలో మరో మాట ఉంది, 'ప్రమాదకర శుభ్రత'. 2013 నాటి చట్టం ప్రకారం తగిన రక్షణ సామగ్రి, యంత్ర పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకో మురుగు కాలువలోకో దింపి శుభ్రం చేయించడం నేరం. మున్సిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. మొదటి తప్పుకు రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఈ పనికి తరతరాలుగా ఎవరిని పిలుస్తున్నామో, ఏ కులాలవారిని పిలుస్తున్నామో మనకందరికీ తెలుసు. "వాళ్ళకు అలవాటేలెండి" అనే మాట చదువుకున్నవారి నోటనే విన్నాను. హైడ్రోజన్ సల్ఫైడ్‌కు అలవాటుపడే ఊపిరితిత్తి ఏ కులంలోనూ లేదు.

మరేం చేయాలంటారా? గొట్టంతో పీల్చే ట్యాంకరు లారీని పిలిపించండి. మున్సిపాలిటీవి ఉంటాయి, ప్రైవేటువీ ఉంటాయి. 14420 నంబరు ఇందుకోసమే పెట్టారు. "అడుగున కొంచెం మిగిలింది, దిగి తీసేస్తాం" అని వాళ్ళంటే వద్దనండి. ఆ మిగిలిన మడ్డి కొత్త మలినాన్ని కుళ్ళబెట్టడానికి పనికొస్తుంది కూడా.

ఇంకుడు గుంటకు, తాగునీటి బావికి నడుమ కనీసం 18 మీటర్లు ఉండాలి. అరవై గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్నవారికి ఇది సాధ్యం కాదని నాకు తెలుసు. అలాంటివారు కనీసం సంపును సెప్టిక్ ట్యాంకు గోడకు ఆనించి కట్టకండి. పగులులోంచి మురుగు ఇవతలికి ఊరితే టైఫాయిడ్, కామెర్లు ఇంటిల్లిపాదికీ వస్తాయి. సంపు మూతకు తాళం వేయండి, పసిపిల్లలున్న ఇంట్లో మరీ.

మీ వీధి చివర పెట్రోలు బంకు కిందా ఒక ట్యాంకుంది. ఉక్కు తుప్పుపట్టి పెట్రోలు నేలలోకి కారితే బావులు పాడవుతాయి. అమెరికాలో ఈ బాధ పడలేకే 1988లో ఇలాంటి ట్యాంకులకు ప్రత్యేక నియమాలు చేశారు. పెట్రోలులో ఉండే బెంజీన్ రక్తపు క్యాన్సరు తెస్తుంది. బావినీరో బోరునీరో పెట్రోలు కంపు కొడితే కాచి తాగుదామనుకోకండి. కాచితే ఆ ఆవిరి వంటింట్లోనే తిరుగుతుంది. వాడటం మానేసి, బంకువారికీ కాలుష్య నియంత్రణ మండలికీ రాసి ఇవ్వండి.

చివరగా, ట్యాంకు త్వరగా నిండుతోందని కొందరు యాసిడ్ పోస్తున్నారు. యాసిడ్ లోపలి సూక్ష్మజీవులను చంపుతుంది, మడ్డిలోని విషవాయువును పైకి లేపుతుంది. యాసిడ్ పోసిన మరుగుదొడ్డిలో వెంటనే బ్లీచింగ్ పౌడరు చల్లారంటే క్లోరిన్ పుడుతుంది. దగ్గు, ఆయాసం మొదలైతే తలుపు తెరిచి బయటికి వచ్చేయండి, కడగడం పూర్తిచేసి వద్దామని ఆగకండి.