తుర్కపల్లి టీకా, ఢిల్లీ బేరం

శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద తుర్కపల్లి వైపు పోతుంటే జీనోమ్ వ్యాలీ కంపెనీల బస్సులు ఎదురవుతాయి. షిఫ్టు దిగినవాళ్లు ఆగే టీ కొట్ల దగ్గర కొవిడ్ మాట వచ్చిందంటే ఇప్పటికీ అదే సణుగుడు: "టీకా తయారైంది మన దగ్గర, పోయిందేమో పైదేశాలకు." బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అన్నమాట. 2021 మేలో తెలంగాణలో మొదటి డోసులు ఆపేసి, ఉన్న కాసినీ రెండో డోసు వాళ్లకే వేసిన రోజులు చూసినవాళ్ల కోపం అది. కోపం న్యాయమైనదే. లెక్క దగ్గరే తేడా ఉంది.

అపోహ: ఉన్నదంతా ఊరికే పంచిపెట్టారు.

వాస్తవం: 2021 జనవరి 20న భూటాన్, మాల్దీవులతో 'వ్యాక్సిన్ మైత్రి' మొదలైంది. రెండో వేవ్‌లో ఎగుమతులు ఆగిపోయే నాటికి దేశం దాటినవి సుమారు 6.6 కోట్ల డోసులు. కానుకగా ఇచ్చింది 1.07 కోట్లు, అంటే ఆరో వంతు. రెండు కోట్లకు కాస్త తక్కువగా పేద దేశాల కోసం పెట్టిన 'కొవాక్స్' పథకానికి వెళ్లాయి. మిగతా మూడున్నర కోట్లూ అమ్మినవే. పైగా వెళ్లినదాంట్లో సింహభాగం పుణె సీరం సంస్థ కొవిషీల్డ్. మన జీనోమ్ వ్యాలీ కొవాగ్జిన్ వాటా బహు స్వల్పం.

అపోహ: టీకాకు బదులు ఏదో ఆశించడం క్విడ్ ప్రో కో, అంటే లంచం.

వాస్తవం: ఆ మాటను మనం సీబీఐ కేసుల వార్తల్లో విని విని అలా అనుకుంటున్నాం. దౌత్యంలో అది రోజువారీ పని, ఇచ్చిపుచ్చుకోవడం. 2020 డిసెంబరు 9న 64 మంది విదేశీ రాయబారులు కొవాగ్జిన్ తయారీ సంస్థ భారత్ బయోటెక్‌కూ హైదరాబాద్‌లోని మరో టీకా సంస్థ బయలాజికల్ ఈకీ వచ్చి చూసి వెళ్లారు. బేరానికి ముందు సరుకు చూసుకోవడం సంతలో అయినా ఉన్నదే. 2021 మార్చి 12న భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియాల కూటమి క్వాడ్ నేతలు బయటపడే మాట్లాడుకున్నారు: బయలాజికల్ ఈకి అమెరికా ఆర్థిక సాయం చేస్తుంది, 2022 చివరికల్లా ఆ సంస్థ కనీసం వంద కోట్ల డోసులు తయారుచేస్తుంది. వాటిని ఆసియా దేశాలకు పంపేది చైనా టీకాలకు పోటీగానన్నది మాత్రం ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు.

పైకి అనకపోవడం కూడా ఈ బేరంలో భాగమే. ఆ ఏడాది మార్చిలో పరాగ్వేకు లక్ష కొవాగ్జిన్ డోసులు వెళ్లాయి. తైవాన్‌ను గుర్తించే కొద్ది దేశాల్లో పరాగ్వే ఒకటి. అవి అందడం వెనుక తమ మాటసాయం ఉందని తైవాన్ విదేశాంగ మంత్రి చెప్పుకున్నారు. మూడో దేశం ప్రమేయమేమీ లేదని మన విదేశాంగ శాఖ అంది.

అపోహ: ఢిల్లీ మాటిస్తే మాటే, సంతకం పడితే తిరుగులేదు.

వాస్తవం: ఈ అపోహకు ఎక్కువ మూల్యం చెల్లించింది బంగ్లాదేశ్. 2020 నవంబరులో సీరంతో మూడు కోట్ల డోసులకు ఒప్పందం చేసుకుంది. నెలకు 50 లక్షలు రావాలి. జనవరిలో 50 లక్షలు, ఫిబ్రవరిలో 20 లక్షలు వచ్చాయి, అంతే. మొదటి డోసు పడిన లక్షల మంది రెండోదాని కోసం ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఏప్రిల్ చివర్లో ఢాకా చైనా సినోఫార్మ్‌కు అనుమతి ఇచ్చింది, మే 12న చైనా కానుక దిగింది.

ఎగుమతులు ఆపింది ఢిల్లీకి దౌత్యం తెలియక కాదు. మన ఆసుపత్రుల ముందు ఆక్సిజన్ కోసం జనం నిలబడి ఉన్నారు. మా పిల్లల టీకాలు విదేశాలకు ఎందుకు పంపారని ప్రధానిని అడుగుతూ ఢిల్లీ గోడల మీద పోస్టర్లు పడ్డాయి, అంటించినవాళ్లను అరెస్టు చేశారు. అయినా ఆ ప్రశ్న గోడల మీది నుంచి ఇళ్లలోకి వెళ్లిపోయింది. ఢాకాలో ఓటర్లు మనకు లేరు కదా. అసలు టీకా రాయబారుల చేతికంటే ముందు మన రాజకీయాల చేతిలోనే పడింది: 2020 నవంబరు 28న ప్రధాని హకీంపేట వైమానిక స్థావరంలో దిగి భారత్ బయోటెక్ చూసి వెళ్లారు. జీహెచ్‌ఎంసీ పోలింగ్‌కు అప్పటికి మూడే రోజులుంది.

అపోహ: గట్టిగా బిగిస్తే ఎవరైనా దిగొస్తారు.

వాస్తవం: కొంతవరకు నిజమే. మన టీకా సర్టిఫికెట్లను బ్రిటన్ ఒప్పుకోకపోతే, 2021 అక్టోబరు 4 నుంచి బ్రిటిష్ వాళ్లకు మనమూ పది రోజుల క్వారంటైన్ పెట్టాం. వారంలో, అక్టోబరు 11 నుంచి, బ్రిటన్ సడలించింది. అయితే ఆ సడలింపు కొవిషీల్డ్ వేసుకున్నవాళ్లకే. కొవాగ్జిన్ వేసుకున్నవాళ్లు నవంబరు 22 దాకా ఆగాల్సి వచ్చింది. ఎందుకంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని తన జాబితాలో చేర్చింది నవంబరు 3న. డేటా చూసే నిపుణులకు ప్రతీకార క్వారంటైన్‌తో పనిలేదు.

అంతకుముందే ఆ వేసవిలో, కొవాగ్జిన్ వేసుకుని అమెరికా చదువులకు బయలుదేరిన పిల్లలను అక్కడి కొన్ని యూనివర్సిటీలు మరో టీకా మళ్లీ వేయించుకోమన్నాయి. తుర్కపల్లిలో తయారైన టీకా తుర్కపల్లి పిల్లకు వీసా కాగితాల పక్కన అక్కరకు రాలేదు.